మంచు మీద వెచ్చటి హత్యలు

నిప్పు కనిపెట్టినవాడికి ఒక దండం పెట్టండి. చక్రం కనిపెట్టినవాడికి రెండు దండాలు పెట్టండి. స్కేటింగు రింకులో శవాన్ని పడేసి దాని చుట్టూ నవల అల్లవచ్చునని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయనకు మాత్రం సాష్టాంగపడండి!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

వీటిని కోజీ మర్డర్ మిస్టరీలంటారు. అంటే దుప్పటి కప్పుకుని, కాళ్లు ముడుచుకుని, కాఫీ తాగుతూ చదువుకోదగిన హత్యలన్నమాట. వాటిలో మళ్లీ ఫిగర్ స్కేటింగు హత్యలు మరీ శ్రేష్ఠం. తళుకుల గౌనులు, మెత్తని వయొలిన్ సంగీతం, అద్దంలాంటి మంచు, ఆ మంచు నడిమధ్య బోర్లాపడి ఉన్న కోచ్! పగలంతా ఆఫీసులో చాకిరీ చేసి వచ్చిన మనిషికి ఇంతకన్నా మనశ్శాంతినిచ్చే దృశ్యం ఏముంటుంది చెప్పండి?

వీటివల్ల లోకానికి కలిగే మేలు అంతా ఇంతా కాదు. ముందుగా పరిశుభ్రత. మంచు మీద నెత్తురు పారదు, గడ్డకట్టుకుపోతుంది. మంచు చదును చేసే బండి వచ్చి ఒక చుట్టు తిరిగిందంటే నెత్తురూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. మన ఇళ్లలో పిల్లలు పాలు ఒలకబోస్తే తుడవడానికి ఇంతకన్నా ఎక్కువసేపు పడుతుంది!

తరువాత ఉపాధి. మా అక్క చదివే సీరీస్‌లో ఒకే రింకులో ఇప్పటికి ఎనిమిదిమంది కోచ్‌లు హతమయ్యారు. అయినా తరువాతి పుస్తకం మొదటి పేజీలోనే కొత్త కోచ్ సూట్‌కేసుతో దిగుతాడు. ముందు పనిచేసినవాళ్లంతా ఏమయ్యారండీ అని ఇంటర్వ్యూలో పొరపాటున కూడా అడగడు. నిరుద్యోగులకు ఇంత ధైర్యం నూరిపోసే సాహిత్యం ఇంకెక్కడైనా ఉందా?

విజ్ఞానం సంగతి సరేసరి. బ్లేడుతో చంపవచ్చు, గౌను కుట్టే దారంతో చంపవచ్చు, జుట్టుకు కొట్టే స్ప్రేతో చంపవచ్చు. ఒక పుస్తకంలో జడ్జిని వెండి కప్పుతోనే కొట్టి చంపారు. కప్పు కొట్టడమంటే అదీ! ఇన్‌స్పెక్టరేమో ఎప్పుడూ అందగాడు, బుర్ర మాత్రం ఖాళీ. చివరికి గౌనులు కుట్టే నడివయసు ఆవిడ సూది కిందపెట్టి హంతకుణ్ణి పట్టుకుంటుంది. కేసు తేలాక మళ్లీ సూది అందుకుంటుంది. ఎక్కడా పని పాడుచేసుకోదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మనిషి చూపుకు ఈ నవలలు పెట్టే పదును ఒక ఎత్తు. కావాలంటే మా అక్కనే చూడండి.

మా అక్క కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్షిస్తుంది. బావ ఎప్పుడూ క్యాంపుల మీదే ఉంటాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, పదమూడేళ్లది. మంచు మీద ఒంటికాలి మీద నిలబడి గిర్రున తిరిగితే ముఖం ఎటుందో వీపు ఎటుందో తెలియదు. అందుకని దానికి బొంగరం అని నేనే పేరు పెట్టాను. అక్కకు కారు నడపడం రాదు. నాకు పనీపాటా లేదని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. కాబట్టి సాయంత్రాలు వాళ్లిద్దరినీ రింకుకు తీసుకువెళ్లే డ్రైవరును నేనే.

రింకు చుట్టూ చెక్క బెంచీలు. వాటి మీద తల్లిదండ్రులు. మా అక్కది పై వరుసలో మూల సీటు, ఎందుకంటే అక్కడ లైటు బాగా పడుతుంది. కూతురు మంచు మీదకు దిగడం, అక్క పుస్తకం తెరవడం ఒకేసారి జరిగేవి. మామూలుగానే ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఈ పుస్తకాలు పట్టాక ఎవరైనా ఆవలించేదాకా కూడా ఆగడం మానేసింది.

"వీడేరా హంతకుడు," అనేది సగం పుస్తకంలోనే. "చేతులకున్న గ్లవ్స్ ఎక్కడా తీయట్లేదు చూడు."

"రింకులో అందరూ గ్లవ్స్ వేసుకుంటారు కదే."

"అదే మరి వాడి తెలివి!"

నిజంగానే వాడే అయ్యేవాడు. అక్క గురి ఎన్నడూ తప్పలేదు.

ఇక మా స్కేటింగు క్లబ్బు కోచ్. ఆమెను పిల్లలు మేడమ్ అంటారు, పెద్దలు కూడా మేడమ్ అనే అంటారు, క్లబ్బు సెక్రటరీ అయితే లేచి నిలబడి మరీ అంటాడు. రింకు తలుపు దగ్గర మేడమ్ ఒక బరువు తూచే మిషను పెట్టించింది. లోపలికి వెళ్లే ప్రతి పిల్లా దాని మీద ఎక్కి దిగాలి. ముల్లు నిన్నటికన్నా కాస్త ముందుకు జరిగిందా, ఆ పిల్ల పేరు అందరికీ వినబడేలా పిలిచి, "ఏమ్మా, నిన్న పెళ్లిభోజనమా?" అనేది. మిగతా పిల్లలు నవ్వాలి. నవ్వేవాళ్లు కూడా.

"ముద్ద తగ్గితే మార్కు పెరుగుతుంది" అన్నది మేడమ్ సిద్ధాంతం. ఎంత పొదుపైన సిద్ధాంతం! బెంచీల మీది తల్లులు దాన్ని ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయేవారు. క్రమశిక్షణ అంటే ఇదండీ, అనుకునేవారు.

క్రమశిక్షణ మా బొంగరానికి బాగా ఒంటబట్టింది. బుగ్గలు పోయాయి. పొద్దున్నే తలగడ నిండా వెంట్రుకలు. ఇంట్లో భోజనం దగ్గర అక్క ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని, కుడిచేత్తో వడ్డించేది. తల ఎత్తి చూసేసరికి కూతురి కంచం ఖాళీ. "అప్పుడే తినేశావా, బంగారు తల్లీ!" అనేది. కిటికీ దగ్గర పూలకుండీలోని మొక్క మాత్రం ఆ రోజుల్లో ఏపుగా పెరిగింది. నవలలో పూలకుండీ మట్టి చూసి, ఇందులో ఎవరో ఏదో పారబోశారని పట్టేసిన మనిషి మా అక్కే. అది నవలలో కుండీ. ఇది ఇంట్లో కుండీ. రెండూ ఒకటి ఎలా అవుతాయండీ?

సెలెక్షన్ పోటీలు దగ్గరపడ్డాయి. వాటిలో నెగ్గినవాళ్లు రాష్ట్ర జట్టులోకి వెళతారు. బొంగరం ఎగిరి మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. దిగిన ప్రతిసారీ దాని పెదవులు బిగుసుకుపోవడం పై వరుస నుంచి కూడా నాకు కనబడేది.

"అక్కా, పిల్ల కుడికాలు ఈడుస్తోందే," అన్నాను.

"ష్! ఉండరా, ఇప్పుడే విషం సీసా దొరికింది," అంది.

పిల్ల మేడమ్ దగ్గరకే వెళ్లి చెప్పుకుంది. మేడమ్ మాట బెంచీల దాకా ఖంగున వినబడింది. "నొప్పి కాలిలో లేదు, నీ మనసులో ఉంది. మళ్లీ చెయ్!"

చేసింది. మళ్లీ చేసింది. ఆ పైన ఇంకోసారి ఎగిరి, దిగి, అలాగే మంచు మీద కూలబడిపోయింది. పడిపోయింది కాదు, కూర్చుంది. కూర్చుని తాపీగా బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది.

"ఎవరు విప్పమన్నారు? లే!" అంది మేడమ్.

బొంగరం లేచింది. రెండు బూట్లూ చేత పట్టుకుని, ఉత్త మేజోళ్లతో, కుంటుకుంటూ మంచునంతా దాటి వచ్చింది. వయొలిన్ పాట దాని దారిన అది మోగుతూనే ఉంది. బెంచీలెక్కి తల్లి ముందు నిలబడింది. అక్క చివరి ప్రకరణంలో ఉంది. గౌనులు కుట్టే ఆవిడ అందరినీ రింకు మధ్యకు పిలిచి, ఇక పేరు బయటపెట్టబోతోంది.

"అమ్మా," అంది పిల్ల, "ఎవరైనా చచ్చిపోతేనే చూస్తావా నువ్వు?"

గొంతు పెద్దది చేయలేదు. ఏడవలేదు కూడా. నిజంగా తెలుసుకోవాలనుకుని అడిగినట్టు అడిగింది.

అక్క తల ఎత్తింది. కూతురి ముఖం చూసింది, మెడ కింద పైకి తేలిన ఎముకలు చూసింది, మేజోడు పట్టనంతగా ఉబ్బిన కాలు చూసింది. ఎన్నాళ్ల చూపో ఒక్కసారిగా చూసింది. పుస్తకం ఒడిలోంచి జారి కింది వరుసలో ఎవరి కాళ్ల దగ్గరో పడింది. హంతకుడెవరో తెలుసుకోకుండా మా అక్క పుస్తకం వదిలేయడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూపించింది. "ఈ ఎముక ఇవాళ చిట్లింది కాదమ్మా. వారాలుగా చిట్లిన కాలి మీదే ఎగురుతోంది ఈ పిల్ల. ఒంట్లో బలం లేదు, అతుక్కోవడానికి. తినడం ఎప్పుడు మానేసింది?"

"మానేయలేదండీ. రోజూ కంచం ఖాళీ..." అని ఆగిపోయింది అక్క. కూతురి చేయి మాత్రం వదల్లేదు.

మరి ఇన్ని నవలలు చదివిన మనిషి ఊరుకుంటుందా? పిల్ల కాలికి కట్టు వేయించిన మర్నాడే క్లబ్బుకు వెళ్లి, తల్లిదండ్రులందరినీ సమావేశపరచమంది. సెక్రటరీ వెంటనే ఒప్పుకున్నాడు. క్లబ్బు తరఫున అప్పటికే విచారణ పూర్తయిందట. చూశారా పాఠకులారా, వ్యవస్థ ఎంత చురుగ్గా ఉందో!

విచారణలో తేలింది ఇది: బొంగరం మేజోళ్లతో మంచు మీద నడిచింది. అది నిబంధనలకు విరుద్ధం. మంచు పాడవుతుంది. కాబట్టి ఆ పిల్లను మూడు నెలలు రింకులోకి రానివ్వరాదు. మోకాలి దాకా కట్టుతో మంచంలో ఉన్న పిల్లను!

అక్క ఆ మాట పట్టించుకోలేదు. నేరుగా మేడమ్ వైపు తిరిగింది.

"మీ అమ్మాయికి టాలెంట్ ఉందండీ. ఓర్పే లేదు," అంది మేడమ్, జాలిగా.

"ఓర్పు లేదా? చిట్లిన కాలితో ఎగిరిందండీ అది. ఇంకెంత ఓర్చుకోవాలి?"

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "ఎవరి ప్రాణం మీదకూ రాలేదు కదమ్మా. చిన్న విషయం. నలుగురిలో పెట్టడం ఎందుకు?"

అప్పుడు అక్క బెంచీల మీది వాళ్లందరినీ అడిగింది. "నా సంగతి సరే, నేను చూడలేదు. మీ పిల్లలు ఈ రోజు ఏం తిన్నారో మీలో ఎవరైనా చూశారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఫోనులు తడుముకున్నారు. ఒకాయనకు కాఫీ మిషను వైపు ఎంతో చూడదగ్గ విషయం కనబడింది. మేడమ్ తన గడియారం చూసుకుంది. సమావేశం ముగిసింది.

మేము మెట్లు దిగుతుంటే ఒకావిడ వెనకే పరుగున వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "మా అమ్మాయి కూడా కాలు నొప్పంటోందండీ. ఆ డాక్టరు ఎక్కడుంటారు? నేనడిగానని మాత్రం ఎవరికీ చెప్పకండేం." ఆవిడ వెళ్లాక ఇంకొకావిడ వచ్చింది. ఆవిడా అదే అడిగింది, అంతే మెల్లగా.

నవలలోనైతే ఇక్కడ సంకెళ్లు పడాలి. మా క్లబ్బులో పూలగుచ్ఛం పడింది. ఆ ఏడాది ఉత్తమ కోచ్ మేడమే. దాంతో ఇంకా పెద్ద ఊళ్లో, ఇంకా పెద్ద క్లబ్బు, ఆమెను ఎగరేసుకుపోయింది. తలుపు దగ్గరి తూచే మిషనును కూడా వెంట తీసుకువెళ్లిందని విన్నాను.

అక్క ఇంట్లో ఉన్న హత్యలన్నీ ఒక అట్టపెట్టెలో కుక్కి, ఎవరికైనా ఇచ్చేయమని నాతో అంది. మంచంలో ఉన్న బొంగరం ఒప్పుకోలేదు.

"ఆ రోజు సగంలో పడేసిందేదీ? చంపిందెవరో తెలియకుండా ఎలా ఇచ్చేస్తావమ్మా?"

అలా మొదలుపెట్టి పిల్ల ఒకటి చదివింది, ఇంకొకటి చదివింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కట్టు కట్టిన కాలు తలగడ మీద పెట్టుకుని, పుస్తకం గుండెల మీద బోర్లించి, ఒకటే నవ్వు. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"మావయ్యా, వీళ్లు ఎప్పుడు చూసినా తింటూనే ఉన్నారు! శవం కనబడింది, కేక్ తిన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఆయనకీ కేక్. ఈ స్కేటర్ పిల్లయితే పోటీ ముందురోజు రెండు ముక్కలు తినేసింది. తిని గెలిచింది కూడా!"

"అలాగా?"

"అవును మావయ్యా." కాసేపు పైకప్పు వైపు చూసింది. "నాక్కూడా ఒక ముక్క తెచ్చిపెడతావా?"

నేను లేచేలోపే అక్క చెప్పులేసుకుని వీధిలో ఉంది. తెచ్చింది. పిల్ల తిన్నంతసేపూ గుమ్మంలో నిలబడి, ఉత్త చేతులతో, కళ్లార్పకుండా చూసింది. చివరి తునక కూడా అయ్యాక లోపలికి వెళ్లి కుళాయి తిప్పుకుని ముఖం కడుక్కుంది.

కాబట్టి నా వాదన నిరూపణ అయినట్టే. ఆ నవలల ఊళ్లో పుస్తకానికి ఒక శవం లేస్తుంది. ఏ కప్పులో విషం ఉందో, ఏ తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. అలాంటి ఊళ్లో కూడా స్కేటింగు పిల్లలు పోటీ ముందురోజు కడుపునిండా తింటారు, హాయిగా నిద్రపోతారు. మా క్లబ్బులో ఇంతవరకు ఒక్క హత్య కూడా జరగలేదు, అది రికార్డు!

మీ పిల్లను ఏ ఊరికి పంపుతారో మీరే చెప్పండి.