ఎండుపుల్లల బాణాలు

అడవి పక్కన వేసిన శిబిరంలో ఆ ఉదయం డ్రాయింగు మాస్టారి పథకం చాలా చిన్నది. అడవి దారిలో పుల్లలతో బాణం గుర్తులు పేర్చాలి. పద్దెనిమిది మంది స్కౌటు పిల్లలు ఆ గుర్తుల వెంట నడిచి, పెద్దబండ దగ్గర పాతిన జెండా అందుకోవాలి. పదకొండింటికి స్కౌటు కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చేసరికి వరసలో నిలబడి సెల్యూట్ కొట్టాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఆయనకు ఎంత ఆలోచించినా కనిపించలేదు. ఎదురుగా ఉన్నవి కనిపించకపోవడం ఆయనకు మొదటినుంచీ ఉన్న అలవాటే.

తనిఖీ మామూలుది కాదు. శనివారం సాయంత్రాలు స్కౌట్లకు ఇవ్వడం దండగ, ఆ రెండు గంటలూ లెక్కల ట్యూషనుకు ఇస్తే నయమని హెడ్మాస్టరు చాలాకాలంగా అంటున్నారు. శిబిరం బాగుందని అధికారి రాస్తే దళం ఉంటుంది, లేకపోతే లేదు. రెండేళ్ళ కిందట ఇంకెవరూ ఒప్పుకోకపోతే ఈ పని మాస్టారి నెత్తిన పడింది. నిక్కరు వేసుకోవడానికి మొదట్లో సిగ్గుపడి చచ్చారు. కానీ క్లాసులో నోరు విప్పని పిల్లలు ఇక్కడ గుడారం తాడు పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటుంటే ఆయనకు కడుపు నిండినట్టుండేది. ఈ దళం పోతే ఆయనకు నిజంగానే బెంగ పట్టుకుంటుంది.

అందుకే తెల్లవారగానే లేచి బాణాలు పేర్చారు. ఎవరైనా అయితే చేతికి దొరికిన పుల్ల పెట్టి ఊరుకునేవారు. ఈయన డ్రాయింగు మాస్టారాయె. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు, వంకర లేనివి, బాగా ఎండినవి మాత్రమే ఏరారు. ఒక్కో బాణానికి మూడు పుల్లలు, మొత్తం నలభై బాణాలు. అనుమానం వచ్చిన చోట జేబులోంచి స్కేలు తీసి కొలిచారు కూడా.

ఎనిమిదింటికి పిల్లలు బయల్దేరారు. ముందు నడిచేది దళ నాయకురాలు. స్కౌటు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే ఆ పన్నెండేళ్ళ పిల్లను అందరూ రూల్‌బుక్ అనేవారు.

"సార్, దారిలో గుర్తు కనిపించకపోతే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"ఎందుకు కనిపించదమ్మా, నేను పెట్టాక?"

"ఇంకో గుర్తు దొరికేదాకా తిన్నగా పొమ్మని పుస్తకంలో ఉంది సార్."

"అయితే తిన్నగా పో," అన్నారు మాస్టారు, జెండా మడత పెట్టుకుంటూ. తర్వాత ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది.

ఆయన అడ్డదారిన పెద్దబండ చేరి, జెండా పాతి, పక్కనే కూర్చున్నారు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. చీమ కూడా రాలేదు అనడానికి వీల్లేదు, చీమలు బాగానే వచ్చాయి. పిల్లలే రాలేదు. ఆయన లేచి, తాను పేర్చిన దారినే ఎదురెళ్ళారు. దారిలో ఒక్క బాణం లేదు. ఒక్క పుల్ల లేదు. ఊడ్చినట్టుంది. బాణాలు పెట్టానా, పెట్టాలనుకుని నిద్రపోయానా అని ఆయనకే అనుమానం వచ్చింది. గుర్తులు లేని దారిలో ఆయన ఒకే వంకర చెట్టును మూడుసార్లు చూశారు. మూడోసారి ఆ చెట్టును పలకరించేవారే, అంతలో పొగ వాసన తగిలి, ఆ వాసన పట్టుకుని శిబిరం చేరారు.

పొయ్యి దగ్గర ఆయన భార్య బంగాళాదుంపలు ఉడికిస్తోంది. వంటకు మనిషి దొరక్క ఆవిడే వచ్చింది.

"ఏమండీ, పిల్లలేరీ?"

"అదే నిన్ను అడుగుదామని వచ్చాను."

"నన్నడుగుతారేంటి? మీతోనే కదా వెళ్ళారు." ఆవిడ గరిటె తిప్పుతూ చెప్పుకుపోయింది. "ఏమాటకామాటే, మీ అడవి బాగుందండీ. పొద్దున్నే కట్టెల కోసం ఎంత దూరం పోవాలో అనుకున్నా. ఎవరో పుణ్యాత్ములు దారి చీలే దగ్గర్నుంచి పుల్లలు సమానంగా విరిచి, కుప్పలు కుప్పలుగా పెట్టారు. ఒంగడం తప్ప పనే లేదు. ఒడినిండా తెచ్చా."

మాస్టారు పొయ్యిలోకి వంగి చూశారు. సగం కాలిన పుల్ల ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. వంకర లేదు. చిటికెన వేలంత లావు.

"దారి చీలే దగ్గర ఎడమకు తిరిగిన బాణం కూడా తెచ్చావా?"

"బాణమేంటండీ? నేను తెచ్చింది పుల్లలు."

మాస్టారికి అప్పుడు అర్థమయింది. చీలిక దగ్గర బాణం లేదు. బాణం లేకపోతే తిన్నగా పొమ్మని పుస్తకంలో ఉంది. పుస్తకం చాలదన్నట్టు తానూ చెప్పారు. తిన్నగా పోతే లారీలు తిరిగే పెద్దరోడ్డు.

ఆయన పరుగందుకోబోయారు. సరిగ్గా అప్పుడే శిబిరం గేటు తీసుకుని ఖాకీ చొక్కా మనిషొకడు లోపలికి వచ్చాడు. చంకలో నోటుపుస్తకం, భుజాన బరువైన సంచీ.

"తనిఖీకి వచ్చానండీ," అన్నాడు.

మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి మాత్రం అలవాటుగా సెల్యూట్ కొట్టింది. ఆ మనిషి వెనక్కి తిరిగి, సెల్యూట్ ఎవరికా అని చూశాడు. ఎవరూ లేకపోయేసరికి తానూ చెయ్యి నుదుటి దాకా ఎత్తి, ఏం చెయ్యాలో తోచక అక్కడ గోక్కున్నాడు.

"పదకొండుకి వస్తారన్నారు సార్."

"మాకు టైమంటూ ఉండదండీ. ఎంతమంది ఉంటున్నారిక్కడ?"

"పద్దెనిమిది మంది పిల్లలు సార్."

ఆ మనిషి ఆరు గుడారాలను, ఒక కుండను, మాస్టారి భార్యను చూశాడు. "ఏరండీ?"

మాస్టారు చుట్టూ ఉన్న చెట్ల వైపు చూశారు. పిల్లలు తప్పిపోయారని చెబితే దళం ఈ క్షణంలోనే పోతుంది. "ఇక్కడే ఉన్నారు సార్. చెట్ల మీద దాక్కున్నారు. కనబడకుండా ఉండడంలో శిక్షణ."

వచ్చినవాడు ఒక చెట్టు పైకి చూశాడు. తర్వాత ఇంకో చెట్టు పైకి చూశాడు.

"ఒక్కరూ కనబడట్లేదండీ."

"అదే కదా సార్ శిక్షణ."

"పిలిస్తే వస్తారా?"

మాస్టారు విజిలు ఊదారు. ఒక కాకి వచ్చింది.

"రారు సార్. రావద్దని చెప్పాను."

"రావద్దని చెప్పి మళ్ళీ పిలవడం ఎందుకండీ?"

"రాకుండా ఉంటారో లేదో చూడ్డానికి."

"రాకుండానే ఉన్నారండీ," అన్నాడతను, రెండడుగులు వెనక్కి వేసి. నోటుపుస్తకం తెరిచి ఏదో రాసుకున్నాడు. "సరే, నేను నీళ్ళ సంగతి చూస్తా." చేతిపంపు దగ్గర గొంతుక్కూచుని, సంచిలోంచి పెద్ద పానా తీశాడు. పంపు మరలు కూడా విప్పి చూసే అధికారిని మాస్టారు ఎన్నడూ చూడలేదు.

మాస్టారు భార్య దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించారు. "ఆయన్ని కాసేపు మాటల్లో పెట్టు. నేను రోడ్డు దాకా పరిగెత్తి వస్తాను."

"ఏం మాట్లాడను? పిల్లలు చెట్లెక్కారని నేనూ చెప్పాలా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పొగవల్ల వచ్చినవి కావు. "ముందు నిజం చెప్పి, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెతకండి. దళం ఉంటే ఎంత, పోతే ఎంత. పిల్లలండీ వాళ్ళు."

మాస్టారికి చెంప మీద కొట్టినట్టయింది. దళం మీది ప్రేమతో పిల్లల్నే పక్కన పెట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన తిన్నగా పంపు దగ్గరికి నడిచారు.

"సార్, మీకొక అబద్ధం చెప్పాను..."

అంతలో గేటు బయట విజిలు మోగింది.

పిల్లలు వస్తున్నారు. రెండు వరసల్లో, అడుగులో అడుగు వేసుకుంటూ. మాస్టారు పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టారు. పద్దెనిమిది. ఆయన అక్కడే నేలమీద కూలబడ్డారు. నలుగురు అబ్బాయిలు బనీన్లతో ఉన్నారు. వాళ్ళ చొక్కాలు రెండు చేతికర్రలకు తొడిగి ఉన్నాయి. ఆ చొక్కాల మీద కళ్ళజోడు పెట్టుకున్న లావుపాటి పెద్దావిడ ఒకరు, కాలికి స్కౌటు రుమాలు కట్టుతో, హుందాగా పడుకుని ఉన్నారు.

"సార్, తిన్నగా పోతే రోడ్డు వచ్చింది," అంది రూల్‌బుక్. "మేడంగారు కాలు బెణికి అక్కడ కూర్చుని ఉన్నారు. నలభై రెండో పేజీలో ఉన్నట్టు మోసుకొచ్చాం."

"నేను తనిఖీ అధికారిని," అంది పెద్దావిడ స్ట్రెచర్ మీంచే.

మాస్టారు తెల్లమొహం వేసి పంపు వైపు చూశారు. "మరి ఆయన?"

"పంపుల తనిఖీ అండీ," అన్నాడు ఖాకీ చొక్కా మనిషి. "వాషరు అరిగింది."

పెద్దావిడ చుట్టూ చూసి తలాడించింది. "పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలు రోడ్డు మీద కనబడితే ముందు కోపమొచ్చింది మాస్టారూ. తర్వాత నాకే తట్టింది. వాళ్ళంతట వాళ్ళే దారి వెతుక్కోవాలని కావాలనే వదిలారు కదూ?"

ఒక్క 'అవును' చాలు, దళం నిలబడుతుంది. మాస్టారి నోరు సగం తెరుచుకుంది. ఈలోగా పంపు మనిషి వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టడం ముగించాడు.

"వీళ్ళు పద్దెనిమిది మంది, చెట్ల మీద పద్దెనిమిది మంది. మొత్తం ముప్ఫై ఆరుగురండీ," అని నోటుపుస్తకంలో రాశాడు.

"చెట్ల మీదా?" అంది పెద్దావిడ.

పిల్లలందరూ ఒక్కసారి తలలెత్తి చెట్ల పైకి చూశారు. "ఇంకో దళం కూడా ఉందా సార్?" అని అడిగింది రూల్‌బుక్.

"లేదమ్మా," అన్నారు మాస్టారు. ఇక దాచలేదు. స్కేలుతో కొలిచిన పుల్లల నుంచి చెట్టెక్కని పిల్లల దాకా అంతా చెప్పేశారు. సాక్ష్యంగా ఆయన భార్య పొయ్యిలోంచి సగం కాలిన పుల్ల తీసి చూపించింది. పెద్దావిడ ఒక బంగాళాదుంప వలుచుకుని తిన్నది. ఇంకొకటి తిన్నది. అప్పుడు కలం తీసింది.

"రాశాను, వినండి," అంది. "పిల్లలు దారి తప్పారు గానీ క్రమం తప్పలేదు. దళం కొనసాగాలి. వచ్చే శిబిరానికి మాస్టారు పంతొమ్మిదో స్కౌటుగా రావాలి. బాణాలు రాళ్ళతో పేర్చడం దళ నాయకురాలు ఆయనకు నేర్పాలి."

మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి, నిక్కరు దులుపుకుని, రూల్‌బుక్‌కి సెల్యూట్ కొట్టారు.

"మూడు వేళ్ళు సార్," అంది ఆ పిల్ల. "నాలుగు కాదు."

పంపు మనిషిని మాత్రం ఆ ముప్ఫై ఆరు కొట్టేయమని ఎంత అడిగినా, సిరాతో రాసింది దిద్దడం తమ కార్యాలయంలో కుదరదన్నాడు. అంతమంది పిల్లలకు ఒక్క పంపు ఎలా సరిపోతుందని, మరుసటి నెలలో శిబిరానికి రెండో పంపు వేశారు.