ఎడమవైపు మసక

రంగులక్క ఆ రోజుకి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూ ముగించుకోవాలి, పన్నెండింటికల్లా రంగుల దుకాణానికి చేరాలి, మధ్యలో ఎక్కడికి పోయిందో యజమానికి తెలియకూడదు. అందుకని ముందురోజే పంటినొప్పి నటించి రెండు గంటల సెలవు సంపాదించింది. మనిషి చూపు మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఒకే ఒక్క ఖాళీ ఉంది. నలభై నిండినవాళ్లు దరఖాస్తు చేయనక్కరలేదని ప్రకటనలో రాశారు. ఆమెకు నలభై నిండటానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మనస్తత్వశాస్త్రంలో పట్టా తెచ్చుకుని పదహారేళ్లయింది. పట్టా బీరువాలో ఉంది, ఆమె దుకాణంలో ఉంది. ఎవరైనా గోడ పెచ్చు ఒకటి తెచ్చి ఇదే రంగు కావాలంటే, చుక్క చుక్కగా కలిపి తేడా తెలియకుండా డబ్బా నింపి ఇస్తుంది. కాస్త ముదురుగా ఉన్నట్టుందని ఎవరైనా నసిగారో, వాళ్లను వీధిలోకి, ఎండలోకి లాక్కెళ్లి ఒప్పించిగాని వదలదు. నిజంగా కనిపించి కొందరు, ఎండకు తాళలేక కొందరు ఒప్పుకునేవారు.

చెప్పులు వేసుకుంటుంటే ఆడపడుచు తగులుకుంది. "ఈ వయసులో పరిశోధనేంటి వదినా, నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. మొహం మీద నవ్వే ధైర్యం ఎవరికుందో అదీ చూద్దాం" అని రంగులక్క గుమ్మం దిగింది.

ఆ ప్రయోగశాలలో రెండు నియమాలు ఉండేవి. పేరు చూస్తే పక్షపాతం పుడుతుంది కాబట్టి అక్కడికి వచ్చేవాళ్లెవరికీ పేరు ఉండకూడదు, నంబరే ఉండాలి. ఇక ప్రయోగానికి కూర్చున్న మనిషికి దాని ఉద్దేశం తెలిస్తే జవాబులు చెడిపోతాయి కాబట్టి, కాగితం మీద అచ్చువేసిన వాక్యాలు తప్ప సహాయకురాలు ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. విడివిడిగా రెండూ మంచి నియమాలే. రెండూ కలిస్తే ఏం జరుగుతుందో మాత్రం అంతవరకూ ఎవరూ ప్రయోగం చేసి చూడలేదు.

వరండాలో ఒకటే బల్ల. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లూ దాని మీదే కూర్చోవాలి, ప్రయోగం కోసం కళ్లు అరువివ్వడానికి వచ్చినవాళ్లూ దాని మీదే కూర్చోవాలి. రంగులక్క చేతిలో ఏడో నంబరు చీటీ ఉంది. పక్కన కూర్చున్నావిడ స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపి వచ్చి, వీళ్లు కళ్లు పరీక్ష చేస్తారని ఎవరో చెబితే పేరిచ్చింది. ఆవిడ చేతిలోనూ ఏడో నంబరే, కాకపోతే వేరే జాబితాలోది. ఒక తలుపు తెరుచుకుని "ఏడో నంబరు" అని వినిపించగానే రంగులక్క లేచింది. లేవడంలోనూ వెనకబడే మనిషి కాదు. మరో నిమిషానికి రెండో తలుపు తెరుచుకుని అదే నంబరు వినిపించింది. డ్రైవరమ్మ లోపలికి నడిచింది.

రంగులక్క వెళ్లినది చీకటి గది. గడ్డం ఆనించడానికి ఒక పీట, ఎదురుగా తెర, తెర మీద పక్కపక్కనే రెండు బూడిదరంగు చదరాలు, చేతికింద రెండు మీటలు. ఏది ముదురుగా కనిపిస్తే ఆ వైపు మీట నొక్కాలి. తాను ఇంటర్వ్యూకి వచ్చానని రంగులక్క మర్యాదగా మనవి చేసుకుంది. దానికి జవాబు కాగితంలో లేదు. సహాయకురాలు పైనుంచి కిందికి వెతికి, దగ్గరగా ఉన్న వాక్యం చదివింది. "ఎక్కువ ఆలోచించకండి. కనిపించినదే నొక్కండి."

ఇంటర్వ్యూలు ఈ మధ్య ఇలా జరుగుతున్నాయి కాబోలనుకుని ఆమె గడ్డం పీట మీద ఆనించింది. నాలుగు జతలు చూసింది. అయిదో జతకి మీట మీంచి చెయ్యి తీసేసింది.

"ఇవి రెండూ ఒకటే రంగు. తెరే ఎడమవైపు మసకగా ఉంది."

"ఏదో ఒకటి తప్పనిసరిగా నొక్కాలి" అని చదివింది సహాయకురాలు.

నొక్కకపోతే ఉద్యోగం పోతుందని రంగులక్కకు తెలుసు. నొక్కితే చదరం ముదురని సాక్ష్యం చెప్పినట్టవుతుంది. పదహారేళ్లుగా దుకాణంలో లేని ముదురును ఉందని ఒక్కసారీ అనలేదు, ఇప్పుడనమంటే ఎలా అంటుంది? చేతులు కట్టుకుని కూర్చుంది. సహాయకురాలు అదే వాక్యం ఆరుసార్లు చదివి, ఏడోసారి కాగితం అక్కడే పెట్టి ప్రొఫెసర్ కోసం పరిగెత్తింది.

ప్రొఫెసర్ ఆ సమయానికి పక్కగదిలో, విభాగాధిపతి పక్కన కూర్చుని డ్రైవరమ్మను ఇంటర్వ్యూ చేస్తున్నారు. చూడటంలో ఆవిడ అనుభవం ఎంతని అడిగితే, ఇరవై రెండేళ్లుగా చూపు తిప్పకుండా చూస్తున్నానని చెప్పింది. ఇది విని విభాగాధిపతి కుర్చీలో ముందుకి జరిగారు. తెలివి అంటే ఇలా క్లుప్తంగా ఉండాలని ఆ పెద్దావిడ నమ్మకం.

"ఉన్నది ఒకటి, కంటికి కనిపించేది ఇంకొకటి అయితే మీరేం చేస్తారు?"

"ముందు బ్రేకు వేస్తానండి" అంది డ్రైవరమ్మ.

ఇంత వినయంగల పరిశోధకురాలు దొరకడం అదృష్టమని విభాగాధిపతి మురిసిపోయారు. ప్రొఫెసర్ కూడా తల ఊపి, సహాయకురాలి వెంట విసుక్కుంటూ చీకటి గదిలోకి వచ్చారు. ఆయన విసుగుకి కారణం ఉంది. మనిషి కన్ను ఎడమవైపున్న వస్తువును కాస్త ముదురుగా చూస్తుందని రెండేళ్లు శ్రమించి కనిపెట్టారు. వచ్చే వారం పెద్ద సదస్సులో ఆ సంగతి చదవబోతున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. దురదృష్టం కొద్దీ ఎదురుగా కూర్చున్నదీ ఆ రకమే.

"మూడువందల పన్నెండు మంది ఎడమవైపే నొక్కారమ్మా. మీ ఒక్కరికే వచ్చిందా ఇబ్బంది?"

"వాళ్లందరికీ ఈ తెరే చూపించారాండీ?"

ప్రొఫెసర్ తెర వైపు తిరిగారు. రంగులక్క ఇక అనుమతి కోసం ఆగలేదు. లేచి, పంటిబిగువున తెరను రెండు చేతులతో ఎత్తి, ఎడమ అంచు కుడికి వచ్చేలా తలకిందులుగా నిలబెట్టింది. తెర తిప్పకూడదన్న వాక్యం కాగితంలో లేకపోవడం వల్ల సహాయకురాలు ఏమీ అనలేకపోయింది. "కూర్చోండి. ఇప్పుడు చూడండి" అంది రంగులక్క, గోడ పెచ్చు తెచ్చినవాళ్లతో మాట్లాడే గొంతుతోనే.

ఆయన కూర్చున్నారు. గడ్డం ఆనించారు. చాలాసేపు చూసి, "కుడి" అన్నారు. ఆ మాట ఆయన నోట్లోంచి సగమే బయటికొచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని లోకం వెక్కిరిస్తుంది. ఇక్కడ ఆ ఎలుక కూడా దక్కలేదు.

"మరి ఇంటర్వ్యూలో నేను నెగ్గానా లేదా?" అని అడిగింది రంగులక్క.

ఏ ఇంటర్వ్యూ అని ఆయన అడిగే లోపే విభాగాధిపతి సంతకం చేసిన కాగితంతో గుమ్మంలోకి వచ్చి, ఏడో నంబరును ఎంపిక చేశామని ప్రకటించారు. వెనకే వచ్చిన డ్రైవరమ్మ, తన కళ్లు ఎప్పుడు పరీక్ష చేస్తారనీ, పన్నెండున్నరకి స్కూలు వదులుతుందనీ అడిగింది. చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాక గానీ ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. ఉద్యోగం తనకి వద్దే వద్దని, బస్సే నయమని చెప్పి డ్రైవరమ్మ వెళ్లిపోయింది.

"ఏడో నంబరు నేనే" అంటూ రంగులక్క దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టింది.

ప్రొఫెసర్ కళ్లజోడు తుడుచుకున్నారు. "అది కాదమ్మా. ఆ ఖాళీ పుట్టిందే ఈ ఫలితాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లడానికి. ఫలితమే లేనప్పుడు ఖాళీ ఎక్కడుంటుంది?"

రంగులక్క కూర్చున్న కొమ్మను తన చేత్తో తానే నరుక్కుంది. ఒక్క మీట నొక్కి ఊరుకుంటే ఏం పోయేదని ఒక్క క్షణం అనిపించి, అలా అనిపించినందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది. ఆ కోపం పక్కకు తిరిగింది.

"అలాగే, నేను పోతా. పోయేముందు ఒక్క మాట. మూడువందల పన్నెండు మంది ఎడమవైపు ముదురుగా ఉందని చెబుతూనే ఉన్నారు. మీరు వాళ్ల కళ్లని అనుమానించారు గానీ మీ తెరని అనుమానించలేదు. చూపు గురించి ఇంత చదివినవాళ్లకి కళ్లెదుట ఉన్నది ఎందుకు కనిపించలేదో, అది పరిశోధన కాదా? ఆ పనికి మనిషి కావాలంటే బయట బల్ల మీదే ఉంటా. ఇంకో తొమ్మిది రోజులు నాకు వయసుంది."

ఆమె నిజంగానే వెళ్లి బల్ల మీద కూర్చుంది. పన్నెండు దాటింది. దుకాణం గుర్తొచ్చినా లేవలేదు. లోపల మాటలు పెరిగాయి, తగ్గాయి. సదస్సులో అందరి ముందూ బయటపడాల్సిన సంగతి గదిలోనే బయటపడినందుకు ఆవిడకి రుణపడి ఉన్నామని విభాగాధిపతి గట్టిగా అన్నారు. ఆ తర్వాత కలం తీసుకుని, సంతకం చేసిన కాగితంలో పరిశోధన విషయం అన్నచోట ఉన్నది కొట్టేసి, రంగులక్క అన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు రాశారు. ప్రొఫెసర్ పక్కన తన సంతకమూ పెట్టారు. కాగితం చేతికందాక రంగులక్క కొంగుతో కళ్లొత్తుకుంది. ఎందుకు ఏడుస్తున్నారని సహాయకురాలు కాగితం చూడకుండానే అడిగింది.

ఎనిమిదో రోజున నియామకపు ఉత్తరం వచ్చింది. చూపు సరిగ్గా ఉందని కంటి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెస్తేనే చేర్చుకుంటామని అందులో షరతు పెట్టారు, ఆ విభాగంలో అంతకుముందు ఎవరినీ అడగని సర్టిఫికెట్ అది.