అత్తను గెంటేసిన బెల్కిస్

ఆ శనివారం ఉదయం బెల్కిస్ వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఏడింటికి నూర్కా సెలూన్, తొమ్మిదికల్లా జుట్టు ఆరడం, పదింటికి స్టూడియో, పన్నెండింటికి లైవ్. ఆ మధ్యాహ్నపు షోలో ఎనిమిదేళ్లుగా గెలిచినవాళ్లకిచ్చే బహుమతి పెనాలు పట్టుకుని నోరు తెరవకుండా నవ్విన మనిషికి మొదటిసారి మైకు ఇస్తామన్నారు మరి! జనం మెచ్చితే షో ఆమెది. మెచ్చకపోతే మళ్లీ పెనం. ఆ సంబరంలో కాఫీ కూడా తాగకుండా బయల్దేరింది.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోయింది. ఆరు నెలలుగా సాయంత్రం సీరియల్లో ఆమెది గయ్యాళి కోడలి వేషం. నిన్నటి భాగంలో ఇల్లు తన పేర రాయించుకుని, అత్తను వానలో వీధిలోకి గెంటేసింది. శాంటో డొమింగో నగరంలో ఆ సీరియల్ చూడని ఇల్లు లేదు.

నూర్కా ఆమె జుట్టుకు రోలర్లు చుట్టి, డ్రయ్యర్ కింద కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుంది.

"ఇప్పుడు చెప్పవే. ఆ ముసలావిడ నీకేం అన్యాయం చేసింది?"

"ఏ ముసలావిడ అక్కా?"

"చూశారా, అప్పుడే మర్చిపోయింది!" అంది పక్కన గోళ్లకు రంగు వేయించుకుంటున్న ఆవిడ.

"అయ్యో, అది సీరియల్ కదా అక్కా! రాసిచ్చింది చేశాను."

"సీరియలని మాకు తెలీదా? మేమేమన్నా పిచ్చివాళ్లమా? సీరియలైతే మాత్రం, పెద్దావిణ్ణి వానలో గెంటుతావా?"

బెల్కిస్ గడియారం చూసుకుని, బయటపడితే చాలని ఒక అబద్ధమాడింది.

"సరే, సోమవారం ఇల్లు తిరిగిచ్చేస్తాను. ఒట్టు!"

"నీ ఒట్టెవరిక్కావాలి? ఆర్నెల్లుగా ఒట్లు పెట్టే కదా ఆవిణ్ణి ముంచావు! ఫోన్ చెయ్. ఆవిడతోనే మాట్లాడతాం."

అత్త వేషం వేసే డోన్యా తెల్మా ఆ వేళ తన ఇంట్లో అరటికాయ ముద్ద, వేయించిన చీజు హాయిగా లాగిస్తోంది. "తెల్మమ్మా, మీరు బాగానే ఉన్నారని వీళ్లకి కాస్త చెప్పండి" అని బతిమాలింది బెల్కిస్. నలభై ఏళ్లుగా నటిస్తున్న మనిషి, అవతల పదిమంది వింటున్నారని తెలిశాక ఊరుకుంటుందా?

"ఏం బాగు తల్లీ... నిన్నట్నించీ మెతుకు ముట్టలేదు" అంది తెల్మా. నోట్లో చీజు ఉండడంతో గొంతు నిజంగానే పూడుకుపోయింది.

సెలూన్ గొల్లుమంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, డ్రయ్యర్ ఆగింది. కరెంటు వస్తుందని పదిన్నర దాకా చూశారు. రాలేదు. ఈలోగా వార్త వీధంతా పాకి, ఒకావిడ సాంకోచో పులుసు గిన్నె తెచ్చింది, ఒకావిడ దుప్పటి తెచ్చింది, మరొకావిడ తన ఇంట్లోని ఖాళీ గది తాళంచెవి పట్టుకొచ్చింది.

"ఇవాళ షోకి ఆవిడా వస్తుంది, అక్కడే అడుగుతా, నన్నొదలండి!" అని బెల్కిస్ నోరు జారింది.

"అయితే పదండర్రా!"

పదకొండుమంది ఒకే వ్యానులోకి ఎక్కారు. వాళ్లలో ఏడుగురి తలల నిండా రోలర్లే. పులుసు గిన్నె బెల్కిస్ ఒళ్లో పెట్టారు. చేసిన పాపానికి ఆ మాత్రం మొయ్యాలన్నారు. స్టూడియో గేటు దగ్గర కాపలావాడు ఆ తలలు చూసి, ఇదేదో హాస్యనాటిక బృందమనుకుని ముందు వరుసలో కూర్చోబెట్టాడు.

పన్నెండయింది. వాద్యాలు మోగాయి. తడిజుట్టు, రోలర్లు, పైన పట్టు రుమాలుతో బెల్కిస్ వేదిక మీదికి పరుగెత్తింది. చేతిలో మైకు! ఒళ్లంతా పులకరించిపోయింది. నమస్కారమని చెప్పబోయింది.

"ముందు ఇల్లివ్వవే!" అని లేచింది నూర్కా.

హాలు హాలంతా లేచింది. "ఇల్లివ్వు! ఇల్లివ్వు!" డ్రమ్ములవాడు ఆ అరుపుకు తాళం కూడా అందుకున్నాడు. అంతలో డోన్యా తెల్మా లోపలికి వచ్చింది. ఆడవాళ్లు వేదికెక్కి, ఆ ఎండాకాలంలో ఆమెకు దుప్పటి కప్పి, రెండు గిన్నెల పులుసు తాగించారు. ఇంటి దగ్గర కడుపునిండా తిని వచ్చిన తెల్మాకు ఈసారి కన్నీళ్లు నిజంగానే వచ్చాయి.

ఎనిమిదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైందని బెల్కిస్‌కు దుఃఖం పొంగుకొచ్చింది. మోకాళ్ల మీద కూలబడింది.

"తప్పయిపోయింది అత్తమ్మా! ఇల్లు మీదే! నన్ను క్షమించండి!"

హాలంతా ముక్కులు చీదింది. షో అయిపోగానే ఛానెల్ యజమాని పిలుస్తున్నాడని కబురొచ్చింది. ఒక్కో రోలరే పీక్కుంటూ, పెనానికి సిద్ధపడి వెళ్లింది.

"ఫోన్లు చూశావా? గంట నుంచీ నాలుగు లైన్లూ ఖాళీ లేవు. నిన్ను తిట్టడానికి దేశమంతా ఫోన్ చేసింది!"

"అంటే... మళ్లీ పెనమేనా సార్?"

"పెనమేంటి? ఇంతమంది మన షో ఎప్పుడు చూశారు? షో నీదే!"

బెల్కిస్ వేసిన కేకకు పక్క గదుల్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఎగిరింది, ఏడ్చింది, వచ్చిన ప్రతివాళ్లనూ కావలించుకుంది.

"ఆగాగు" అన్నాడు యజమాని. "ఒక్క తప్పు చేశావు. చివర్లో క్షమాపణ చెప్పావు. అంతే, అందరూ తృప్తిగా టీవీలు కట్టేశారు. ఒప్పందంలో రాయిస్తున్నా, ఇంకోసారి క్షమాపణ చెప్పావంటే ఉద్యోగం ఊడినట్టే."

బెల్కిస్ అక్కడికక్కడే సంతకం పెట్టేసింది. క్షమాపణ చెప్పకపోతేనే నిలిచే ఉద్యోగం ఆ దేశంలో అంతవరకూ మంత్రులకు మాత్రమే ఉండేది.