తొలి చప్పట్ల గుమాస్తా

నీటి సరఫరా కార్యాలయం వారి వార్షిక నాటకం ఈ ఏడు కూడా దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సగం వీధులకు నీళ్లు రాని ఏడు ఉంది గానీ, నాటకం ఆగిన ఏడు లేదు. నూనూగు మీసాల ప్రేమికుడి వేషం ఆనవాయితీ ప్రకారం పెద్ద ఇంజినీరుగారే వేశారు. వారికి పదవీ విరమణ దగ్గరపడింది. మోకాళ్లు అంతకుముందే విరమించాయి. అయినా కళకు వయసేమిటి, అందులోనూ అందరి ప్రమోషన్లూ వారి సంతకం మీద ఆధారపడి ఉన్నప్పుడు?

నాటకం పాతది, పేరున్నది. కలవారి కుర్రాడొకడు తన ఆస్తిని కాక తనను ప్రేమించే పిల్ల కావాలని, తోటమాలి వేషంలో ఆమె ఇంట్లో చేరతాడు. ఆ వేషం సంగతి ఆమె మొదటి రోజే కనిపెట్టేస్తుంది. తల్లికి తెలుసు, వంటమనిషికి తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. తెలియనిది అతగాడొక్కడికే. ఆమెను పరీక్షిస్తున్నానని మురిసిపోతూ మొక్కలకు నీళ్లు పోస్తుంటాడు. "పాపం, ఇంతమంది కలిసి ఒక్కణ్ణి ఎంత మోసం చేస్తున్నారో!" అని మన ఉద్యోగులు ఏటా నిట్టూరుస్తారు. నిట్టూర్చి, ఇంజినీరుగారి నటనకు చప్పట్లు కొడతారు.

ఇంత ముఖ్యమైన చప్పట్లను ఎవరి ఇష్టానికి వాళ్లకు వదిలేస్తే కార్యాలయం నడుస్తుందా? అందుకే తొలి చప్పట్ల గుమాస్తా అని ఒకాయన ఉన్నాడు. మామూలు రోజుల్లో కుళాయి ఫిర్యాదులు వింటాడు. నాటకం రోజున మొదటి వరుసలో కూర్చుని జేబురుమాలు తీస్తాడు. రుమాలు పైకి లేస్తే చప్పట్లు, కళ్లకు అద్దుకుంటే ఏడుపు. ఏడుపు లెక్కల విభాగం వారి బాధ్యత. రుమాలు కదిలేదాకా హాల్లో చెయ్యి కదలదు. ఒకసారి స్టోర్‌కీపరు ఉండబట్టలేక వంటమనిషి వేషానికి చప్పట్లు కొట్టాడు. ఇప్పుడాయన ఊరవతల పంపుహౌసులో కప్పల అరుపులు వింటున్నాడు.

ఈసారి నాయిక వేషం వేసే టైపిస్టుకు కాలు బెణికింది. ఆ వేషం గుమాస్తా కూతురికి దక్కింది. ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటినుంచీ నాటకమంటే ప్రాణం. ఊరూరా తిరిగి ఆడే నాటక కంపెనీ ఒకటి రమ్మని కబురు పెట్టింది. అదే సమయానికి తండ్రి కాళ్లావేళ్లా పడి తన ఆఫీసులోనే ఉద్యోగం ఒకటి ఖాయం చేయించి పెట్టాడు.

"నాన్నా, ఈ ఒక్కసారి జనం ముందు వేసి చూస్తాను. వాళ్లకు నచ్చితే కంపెనీలో చేరతా. నచ్చకపోతే నువ్వు చెప్పినట్టే మీ ఆఫీసులో పడుంటా. మళ్లీ నాటకం ఊసెత్తను," అంది.

"జనం అబద్ధం చెప్పరమ్మా," అన్నాడు గుమాస్తా, రుమాలు ఇస్త్రీ చేసుకుంటూ.

తెర లేచింది. ఇంజినీరుగారు మాటలు మరిచిపోయారు. తెర వెనక నుంచి అందిస్తున్న గొంతు వెనక వరుసకు కూడా వినబడింది. చప్పట్లు. పెట్టుడు మీసం జారి గడ్డానికి అంటుకుంది. చప్పట్లు. మొక్కలకు నీళ్లు పోయబోతే డబ్బాలోంచి చుక్క రాలేదు. శాఖ సంప్రదాయం నిలబడినందుకు మరోసారి చప్పట్లు.

చివరి అంకంలో ఆ పిల్ల మెల్లగా అతని చేతిలోంచి డబ్బా తీసుకుంది. "నువ్వెవరో నాకు మొదటి రోజే తెలుసు. చెబితే వెళ్లిపోతావని చెప్పలేదు," అంది.

అంతే. హాలు హాలంతా కొయ్యబారిపోయింది. లెక్కల విభాగం వారు ఆజ్ఞ లేకుండానే ఏడ్చారు. గుమాస్తా చెంపల మీద నీళ్లు కాలరు దాకా దిగాయి. అక్కడ నిలబడ్డది తన కూతురన్న సంగతే ఆయన మరిచాడు, ఒళ్లో రుమాలు సంగతి ఇక ఎక్కడ? ఆ నిశ్శబ్దంలోనే తెర పడింది. తర్వాత ఇంజినీరుగారు ముందుకొచ్చి వంగి దండం పెట్టారు. అలవాటున రుమాలు లేచింది. చప్పట్లకు హాలు పైకప్పు ఎగిరిపోయింది.

గుమాస్తా పరుగున వెళ్లేసరికి కూతురు అద్దం ముందు రంగు తుడుచుకుంటోంది.

"పోనీలే నాన్నా. ఆయన తుమ్మినా కొట్టారు. నాకు ఒక్కరంటే ఒక్కరు కొట్టలేదు."

"కాదమ్మా! నిన్ను చూస్తూ అందరూ చేతులు మరిచిపోయారు. నేనే మరిచిపోయాను. కావాలంటే నా కళ్లు చూడు!"

ఆమె చూసింది. చాలాసేపే చూసింది.

"ఆయనకీ ఏటా ఇలాగే ఏడుస్తావుగా నాన్నా," అంది.

గుమాస్తా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో మీసం చేత్తో పట్టుకుని ఇంజినీరుగారు వేంచేశారు. "అమ్మాయ్, నిరుత్సాహపడకూడదు. నటన అందరికీ అబ్బే విద్య కాదు. జనం హృదయాన్ని తాకాలి. ఎలా తాకాలన్నది, ఏటా నన్ను చూసి నేర్చుకో," అని సెలవిచ్చారు.

ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. తండ్రి చేతిలో రుమాలు ఇప్పుడు వేళకు లేవడం లేదు కాబట్టి ఆ బాధ్యత కూడా ఆమెకే అప్పగించారు. ఇంత సహజంగా కళ్లొత్తుకునే మనిషిని తమ సర్వీసులో చూడలేదని ఇంజినీరుగారు మెచ్చుకున్నారు.

ఆ రోజు అంతమంది ఏడ్చారు కదా, ఒక్కరైనా లేచి చప్పట్లు కొట్టొచ్చు కదా అంటారా? కొడదామనే అందరూ అనుకున్నారు. రుమాలు వైపే చూస్తూ కూర్చున్నారు. మీరైతే తప్పకుండా కొట్టేవారు, మాకు తెలుసు. మీ పక్కవాళ్లు మొదలుపెట్టగానే.