సపరాలి దీవెనలు, ఐదు ఫ్యూజులు

ఆరింటికి లారీ బయలుదేరాలి. తొమ్మిదింటికల్లా కొండమీది మేతమైదానం చేరాలి. పదకొండింటికి గుడారం నిలబడాలి. పన్నెండింటికి కాబోయే వియ్యాలవారు వచ్చి ఎర్మెక్ చెల్లెలు మేరిమ్ చెవులకు పోగులు పెట్టాలి. ఎర్మెక్ వేసిన పథకం ఇది, వినడానికి చక్కగానే ఉంది. మేరిమ్, తల్లి, గొర్రెలు మూడు రోజుల ముందే పైకి వెళ్లిపోయారు. ఇక వెళ్లవలసింది గుడారమూ, టీ నీళ్లు కాచే సమోవారూ, ఇంటిపెద్ద అయిన తండ్రి సపరాలీ.

పోగులు పడితే పెళ్లి ఖాయమైనట్టే, అందుకే ఈ వ్యవహారం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. చేసుకుంటే ఆ కుర్రాణ్నే చేసుకుంటానని మేరిమ్ రెండేళ్లుగా భీష్మించుకుని కూర్చుంది. కుర్రాడూ అదే మాట మీద ఉన్నాడు. అడ్డల్లా కుర్రాడి తల్లి సాల్కిన్. పోయినేడు పెద్దకొడుక్కి పిల్లను చూడబోయి, ఆ ఇంట్లో టీ పల్చగా ఉందని పోగులు మళ్లీ సంచీలో వేసుకుని వచ్చేసిన మనిషి ఆవిడ.

"ఆవిడొచ్చేసరికి గుడారం లేచుండాలి, సమోవారు కాగుతుండాలి," అంది ఎర్మెక్ భార్య బూరుల్, రొట్టెల మూట కట్టుకుంటూ. "లేకపోతే నీ చెల్లెలి మొహం నువ్వే చూసుకో. నేను చూడలేను."

"ఎందుకు లేవదు? నిన్ననే ఆయిలు చూశా, టైర్లు చూశా, బ్రేకులు చూశా. ఫ్యూజులు కూడా ఐదు అగ్గిపెట్టెలో వేసుకున్నా."

"ఐదెందుకు?"

"ఒకటి చాలు. మిగతావి ధైర్యానికి."

ఆ డీజిలు లారీ వయసులో ఎర్మెక్‌కంటే నాలుగేళ్లు పెద్దది. దాని ఫ్యూజుల పెట్టెకు మూత ఊడిపోయి రెండు చలికాలాలు గడిచాయి. ఆ పెట్టె ఉన్నది డ్రైవరు దగ్గర కాదు, అవతలి తలుపు పక్కన కూర్చునేవాళ్ల మోకాళ్ల ముందు. ఇంజనుకు డీజిలు వదిలే కరెంటు కూడా అందులోని ఒక ఫ్యూజు గుండానే వెళుతుంది. అది పోయిందంటే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది.

ఆ తలుపు పక్కన సపరాలి కూర్చున్నాడు. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒకసారి ఎక్కితే ఊరికే దిగే రకం కాదు. తన తల్లి నాటి ఇత్తడి సమోవారును వెనక సామాన్లలో వెయ్యనివ్వలేదు. దాని కాళ్లలో ఒకటి అరిగిపోయి, వదిలేస్తే ముందుకు వాలుతుంది. అందుకని దాన్ని లారీ ఇనుప నేలమీద తన పాదాల మధ్య నిలబెట్టి, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. దిష్టి తగలకుండా పైన శాలువా కప్పాడు. కుళాయి మాత్రం శాలువాలోంచి బయటికి పొడుచుకు వచ్చింది.

ఇంజను తాళం తిప్పగానే అందుకుంది. సాగనంపడానికి వీధి వీధంతా వచ్చింది. సపరాలి సమోవారు వదిలి, రెండు అరచేతులూ పైకెత్తాడు.

"దారి సాఫీగా సాగాలి. పోయిన పని పండాలి. ఓమిన్."

"ఓమిన్," అని తథాస్తు పలుకుతూ వీధివాళ్లూ, లారీలోవాళ్లూ కళ్లు మూసుకుని అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. లారీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఫ్యూజు," అన్నాడు ఎర్మెక్. మార్చాడు. "ఇంకేం లేదు. పాతదైపోయింది."

సపరాలి మళ్లీ సమోవారు పట్టుకున్నాడు. లారీ రెండు గంటలసేపు ఒక్క పొల్లు మాట అనకుండా కొండ ఎక్కింది. ఎర్మెక్ కూనిరాగం కూడా తీశాడు. మలుపు తిరగగానే శ్మశానం కనిపించింది. ఆ దారిన పోయేవాడెవడైనా అక్కడ పాట కట్టేసి, పెద్దలను తలుచుకుని అరచేతులు ముఖానికి తాకించి పోవలసిందే. ముగ్గురూ అదే చేశారు. లారీ కూడా మర్యాద తెలిసినదానిలా అక్కడే ఆగిపోయింది.

రెండో ఫ్యూజు మార్చి, అనుమానం కొద్దీ హారను తీగ పీకేశాడు ఎర్మెక్. ఇంజను అందుకుంది. కొడుకు పనితనానికి సపరాలి మురిసిపోయి చేతులెత్తాడు.

"నీ చేతులు సల్లగుండాలిరా. ఓమిన్."

ఇంజను ఆగిపోయింది.

"నాన్నా, ఇది మామూలు రోగం కాదు," అన్నాడు ఎర్మెక్. అగ్గిపెట్టెలో ఇక మూడే మిగిలాయి. మూడోదాన్ని పెట్టబోతుంటే గుర్రమ్మీద తూర్దుబెక్ వచ్చాడు. ఒకప్పుడు ట్రాక్టర్ల షెడ్డులో కరెంటు పనివాడు. షెడ్డు మూతపడి పదిహేనేళ్లయినా అతని పనితనం గురించి అతను చెప్పుకోవడం ఇంకా మూతపడలేదు.

"తడి," అన్నాడు తూర్దుబెక్, గుర్రం దిగకుండానే.

"వానపడి నెల దాటింది కదన్నా."

"లోపలి తడి నీకు కనపడదు తమ్ముడూ."

దిగాడు. వైపర్ల తీగ పీకాడు. లైట్ల తీగ పీకాడు. ఎందుకున్నాయో లారీకే తెలియని రెండు తీగలు కూడా పీకాడు. కొత్త ఫ్యూజు పెట్టాక ఇంజను అరగంట ఆగకుండా మోగింది. సపరాలి సమోవారు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. తూర్దుబెక్ లారీ చుట్టూ మూడుసార్లు తిరిగి, విన్నావా అన్నట్టు ఎర్మెక్ వంక చూశాడు.

పని చేసిన మనిషిని ఉత్త నోటితో పంపడం ఎక్కడి మర్యాద? బూరుల్ రొట్టె విరిచింది, పులిసిన గుర్రప్పాల కుమిస్ పోసింది. తూర్దుబెక్ తిన్నాడు, తాగాడు, మూతి తుడుచుకున్నాడు. తిన్నాక దీవెన తప్పదు. క్యాబిన్‌లోంచి సపరాలి చేతులెత్తాడు.

"నీ విద్య వెయ్యేళ్లు నిలవాలి, తూర్దుబెక్. ఓమిన్."

అతని విద్య ఆ ఓమిన్ పూర్తయ్యేదాకా కూడా నిలవలేదు. తూర్దుబెక్ కళ్లు తెరిచి, ఆగిన లారీని చూసి, గుర్రమెక్కి, "తడి దాకా అయితే నా పని. ఇది తడి కాదు," అని వెళ్లిపోయాడు.

"నేను చెబుతా ఏంటో," అన్నాడు సపరాలి. ఆయన చూపు శ్మశానం మీద ఉంది. "మా చిన్నాన్న పడుకున్నాడక్కడ. ఆయన పేరున పొట్టేలు కోస్తానని మొక్కుకుని ఏడేళ్లు. ఊరుకుంటాడా? ఒరేయ్, ఇంకో ఫ్యూజు పెట్టు, ఇంజను వెయ్యి. ఆయన వినేట్టు చెప్తా."

ఎర్మెక్ పెట్టాడు. సపరాలి ఈసారి తీరిగ్గా, పొడుగ్గా ప్రార్థించాడు. చిన్నాన్నకు ఒకటికి రెండు పొట్టేళ్లు ఒప్పుకున్నాడు. చేతులెత్తి ఓమిన్ అనేలోపే ఇంజను ఆగింది.

"రెండూ చాలలేదేమో మావయ్యా," అంది బూరుల్ చిన్నగా. ఎర్మెక్‌కు మాత్రం నవ్వు రాలేదు. పదకొండు కావస్తోంది. అగ్గిపెట్టెలో మిగిలింది ఒకే ఒక్క ఫ్యూజు. పైన చెల్లెలు కొత్త గౌను తొడుక్కుని దారి వంక చూస్తుంటుంది.

సరిగ్గా అప్పుడే కింది మలుపు దగ్గర తెల్లకారు కనిపించింది. కొండకు ఉన్నది ఒకే దారి. కారు ఆగింది. అందులోంచి ముందు సాల్కిన్ చూపు దిగింది, తర్వాత సాల్కిన్ దిగింది, ఆ తర్వాత ఆవిడ భర్త.

"మీ గుడారం పైన ఉంటుందన్నారే, అన్నయ్యగారూ," అంది లారీ మీది కట్టెలనూ ఉన్ని చుట్టలనూ చూస్తూ.

"ఎదురొచ్చి తీసుకెళదామని ఆగాం, చెల్లెమ్మా," అన్నాడు సపరాలి తొణక్కుండా. "బూరుల్, టీ పెట్టమ్మా."

ఎదురైన అతిథికి టీ ఇవ్వకుండా దారి గురించి మాట్లాడటం మర్యాద కాదు. బూరుల్ మావగారి పాదాల మధ్యనుంచి సమోవారు దింపుకుని, ఏటి నీళ్లు పోసి, కింద పుల్లలు రాజేసింది. శాలువా తీసి కుళాయి తుడవబోయి ఆగిపోయింది. నిన్న సాయంత్రం తానే బూడిదపెట్టి బంగారంలా తోమింది దాన్ని. ఇప్పుడు కుళాయి కొసన నల్లటి మచ్చలున్నాయి. మిరియపు గింజంత కాలిన మచ్చలు. లెక్కపెట్టింది. ఐదు.

బూరుల్ మూత లేని ఫ్యూజుల పెట్టె వంక చూసింది. అరిగిన కాలు వంక చూసింది. ఆ తర్వాత మావగారి చేతుల వంక చూసింది. కట్టెలకన్నట్టు మొగుణ్ని లారీ వెనక్కి పిలిచింది.

"ఏమయ్యా, మావయ్య దీవించినప్పుడల్లా సమోవారు వదిలేస్తున్నారు. అది వాలి కుళాయి ఆ పెట్టెకు తగిలి, కరెంటు ఇత్తడి గుండా ఇనుప నేలలోకి పోతోంది."

ఎర్మెక్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి, మిగిలిన ఒక్క ఫ్యూజునూ చూసుకున్నాడు. "ఐదుసార్లు పక్కనే ఉన్నాం. ఎవరమూ చూడలేదేం?"

"కళ్లు మూసుకుని మొహాలు తుడుచుకుంటున్నాం కదా."

"పోయి చెప్పు మరి."

"నేనా? కోడల్ని. మావయ్యా, మీ దీవెనలకు ఫ్యూజులు పోతున్నాయి అని, అదీ ఆవిడ ముందు చెప్పనా? కొడుకువి నువ్వు, నువ్వే చెప్పు."

కొడుక్కి కూడా అంత ధైర్యం లేదు. టీ చిక్కగా కాగింది. సాల్కిన్ ఒక గుక్క తాగి, వంక దొరకనందుకు కాస్త నొచ్చుకుని, ఇంకో కప్పు అడిగింది. బూరుల్ ఆ కప్పు అందిస్తూ తల వంచుకుంది.

"అత్తయ్యగారూ, ఈ లారీ కుదుపులు మావయ్య మోకాళ్లకు పడటం లేదు. మీ కారులో చోటిస్తే, ఆయనా ఆ సమోవారూ మీతో వస్తారు."

"పెద్దమనిషికి చోటివ్వకపోవడమేమిటి," అంది సాల్కిన్. ఆవిడకు అలా అడిగించుకోవడం నచ్చింది.

నీళ్లు వంపి, సపరాలినీ సమోవారునూ కారెక్కించారు. ఎర్మెక్ ఆఖరి ఫ్యూజు పెట్టి, పీకిన తీగలన్నీ చుట్టి పక్కన పెట్టి, తాళం తిప్పాడు. కారులోంచి సపరాలి చేతులెత్తాడు. ఎర్మెక్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు, ఈసారి భక్తితో మాత్రం కాదు. లారీ మోగుతూనే ఉంది.

మైదానం చేరేదాకా మోగింది. గుడారం లేవలేదన్న మాటే రానివ్వలేదు సపరాలి.

"చెల్లెమ్మా, పొద్దున్నుంచి ఐదుసార్లు మొరాయించిన బండి, నీ పాదం తగలగానే కదిలింది. అంతటి పాదం. మా గుడారం మీ చేతులమీదుగానే లేవాలని రాసిపెట్టుంది," అన్నాడు.

సాల్కిన్ భర్త గుడారం నడినెత్తి చక్రాన్ని తానే ఎత్తి పట్టాడు. సాల్కిన్ తాళ్లు ఎలా కట్టాలో అందరికీ చెప్పింది, అందరూ విన్నారు. జన్మలో మొదటిసారి ఆవిడకు తప్పు పట్టవలసిన గుడారం తను కట్టినదే అయింది. పట్టలేదు. రెండింటికి మేరిమ్ చెవులకు పోగులు వెలిశాయి. ఆ పిల్ల నవ్వు చూసి ఎర్మెక్ గుడారం వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం వియ్యాలవారు వెళ్లాక బూరుల్ ఏటిగట్టున సమోవారు తోముతోంది. సపరాలి కర్ర ఊతంగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బూడిదకు పోవమ్మా అవి. పుల్లమజ్జిగ పెట్టు."

బూరుల్ చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు చూశారు మావయ్యా?"

"కారులో ఒళ్లో పెట్టుకున్నప్పుడు. ఐదు. నాకూ లెక్కొచ్చుగా."

"మరి అత్తయ్యగారి పాదమన్నారు?"

"తప్పు నా చేతులదంటే పిల్ల పెళ్లి ఆగేది. ఆవిడ పాదానిదంటే కుదిరింది," అన్నాడు సపరాలి. "నువ్వు నా తప్పు దాచావు, నేను ఆవిణ్ని ఆకాశానికెత్తాను. నీలాంటి కోడలు దొరకడం నా అదృష్టం తల్లీ."

మర్నాడు లారీ కిందికి బయలుదేరినప్పుడు ఆయన దారి సాఫీగా సాగాలని యథాప్రకారం దీవించాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని.