పద్నాలుగో రూలుకు అర్థం

ఒక ఇంగ్లీషు మాటకు అర్థం తేలేదాకా వైట్‌ఫీల్డ్ క్లబ్బు గేటు నుంచి కదిలేది లేదని మునినారాయణప్పగారు ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు మూడు టీవీ మైకుల ముందు ప్రకటించారు. వార్డు టికెట్ కోసం ఐదేళ్ళుగా ఎదురుచూస్తున్న నాయకుడాయన. ఈ ఐదేళ్ళలో కదిలేది లేదని పద్దెనిమిది చోట్ల భీష్మించారు. అన్నిచోట్ల నుంచీ భోజనం వేళకు కదిలారు, అది వేరే సంగతి.

పక్కన ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ వెంకటగిరియప్పకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. లోపల క్లబ్బు హాల్లో మనవరాలు చైత్రకు నిశ్చితార్థం. నాలుగున్నరకు రాహుకాలం. ఆలోగా ఇంటి పెద్ద కుట్టని బట్ట కట్టుకుని తాంబూలం మార్చాలి. చైత్ర పుట్టిన నాటి నుంచీ ఆయన ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నాడు. కొత్త జరీ పంచె కట్టుకుని పొద్దున్నే కోలారులో బస్సెక్కాడు. తీరా వస్తే గేటు దగ్గర ఆపేశారు.

ఆపింది సెక్యూరిటీ గంగన్న. ఆపమన్నది పద్నాలుగో రూలు. దొరల కాలంలో రాసిన ఆ రూలు ప్రకారం ‘బ్రీచ్డ్’ కాని మగవాడికి ప్రవేశం లేదు. ఆడవాళ్ళ గురించి దొరలు ఏమీ రాయలేదు కాబట్టి ఆయన భార్య మునివెంకటమ్మ ఎప్పుడో లోపలికి వెళ్ళి బాదంపాలు తాగుతోంది.

“నాయనా, కార్లో నా ప్యాంటు ఒకటుండాది, ఏసుకో,” అని కొడుకు ఫోను చేశాడు.

“కుట్టిన గుడ్డతో తాంబూలమా? అడిగేదానికి నోరెట్లా వచ్చిందప్పా నీకు,” అని వెంకటగిరియప్ప ఫోను పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే అటుగా పోతూ మునినారాయణప్పగారు ఈ ఘోరం చూశారు. చూసి చలించారు. చలించి, ముందు టీవీవాళ్ళకు కబురు పెట్టారు. ఆయన కారు డిక్కీలో పంచె, పచ్చ కండువా, ఇనుప టోపీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఎవరికి ఏ కష్టం వస్తుందో చెప్పలేం కదా. రెండు నిమిషాల్లో తెల్ల ప్యాంటు విప్పేసి పంచెలో దిగారు. ఎంత నిరాడంబరం.

“హేమంత్, డిక్షనరీ తీయ్,” అన్నారు.

పీఏ హేమంత్‌కుమార్ ఫోను తెరిచాడు. “ఒకటో అర్థం, ప్యాంటు తొడుక్కున్నవాడు సార్.”

“అది వదిలెయ్. మనకు పనికొచ్చేది చదువు.”

“రెండు, మొదటిసారి ప్యాంటు తొడిగించుకున్న పిల్లవాడు. పాతకాలం ఇంగ్లండులో ఆరేడేళ్ళదాకా మగపిల్లలకీ గౌన్లే అంట సార్. ప్యాంటు వేసిన రోజు పండగంట.”

నాయకుడు కెమెరా వైపు తిరిగారు. “ఏడేళ్ళదాకా గౌన్లేసుకున్నోళ్ళు మన పంచెకు వంక పెడతా ఉండారు. జనం గమనించాల.”

చప్పట్లు పడ్డాయి. వెంకటగిరియప్ప సెక్యూరిటీ గదిలో గోడ గడియారం వైపు చూశాడు. నాలుగు కావస్తోంది.

“మూడు, వెనకభాగం బిగించిన తుపాకి.”

“సెక్రటరీగారూ, మా పెద్దాయన తుపాకి తెస్తే లోపలికి పోవచ్చునా?”

క్లబ్బు సెక్రటరీ దేవరాజ్ టై సవరించుకుని ఆలోచించారు. “లైసెన్సు ఉంటే కన్సిడర్ చేస్తాం.”

“నాలుగు,” హేమంత్‌కుమార్ కాస్త తటపటాయించాడు, “పిర్రల మీద దెబ్బలు తిన్నవాడు.”

వెంకటగిరియప్ప ముఖం వికసించింది. పళ్ళెం జాగ్రత్తగా ఎడమచేతికి మార్చుకుని గంగన్న వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

“ఇదైతే అయితాది. ఆ లాఠీతో రెండెయ్యప్పా. టైమయిపోతా ఉండాది.”

గంగన్న తల దించుకున్నాడు. “నాకు చేతులు రావు తాతా.”

“వన్ మినిట్,” అన్నారు దేవరాజ్. “ఏ అర్థం చెల్లుతుందో కమిటీ తేల్చాలి. కమిటీ లోపల బిలియర్డ్స్ రూములో ఉంది.”

“అయితే నేనే పోయి మాట్లాడతా,” అన్నారు నాయకుడు. “అన్యాయానికి సాక్ష్యం కావాల గదా, ఆ పళ్ళెం ఇట్లా ఇవ్వు పెద్దాయనా.”

వెంకటగిరియప్ప రెండు చేతులా అందించాడు. కళ్ళు చెమర్చాయి. ఈ కాలంలో కూడా ఇట్లాంటి మనుషులుండారా అనుకున్నాడు. మునినారాయణప్పగారు పంచె అంచు చేత్తో పట్టుకుని, పళ్ళెం గుండెలకు ఆనించుకుని నడిచారు. గంగన్న సెల్యూట్ కొట్టి గేటు రెండు రెక్కలూ తెరిచాడు. దేవరాజ్ ముందు నడిచి దారి చూపించారు.

నాలుగుంబావు అయింది. నాలుగూ ఇరవై. వెంకటగిరియప్ప చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు, పిలుపు రాగానే పరుగెత్తడానికి.

నాలుగూ ఇరవై ఎనిమిదికి మునివెంకటమ్మ ఫోను చేసింది. వెనక సన్నాయి వినిపిస్తోంది.

“ఏమయ్యా, యాడుండావు? తాంబూలాలు అయిపోయినాయి. ఎవురో పెద్దమనిషి పంచె కట్టుకొని మన పళ్ళెం పట్టుకొని వస్తే, మంత్రాలు చదివే అయ్యవారు ఆయన్నే పీట మీద కూర్చోపెట్టేసినాడు. నువ్వే పంపించినావంట గదా?”

వెంకటగిరియప్ప చెప్పులు కింద పెట్టి, మళ్ళీ తొడుక్కున్నాడు.

ఐదు గంటలకు మునినారాయణప్పగారు బయటికి వచ్చారు. నుదుట కుంకుమ, మెడలో మల్లెల దండ. ఆ మాట అర్థం తేల్చడానికి సబ్‌కమిటీ పడిందనీ, దానికి తానే ఛైర్మన్ అనీ, నూట ముప్పై ఏళ్ళ చరిత్రలో పంచెకట్టు ఈ క్లబ్బులో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి అనీ ప్రకటించారు. జనం జేజేలు కొట్టారు.

కారెక్కబోతూ ఆయన ఆగి, వెనక్కి వచ్చి, వెంకటగిరియప్ప చేతిలో ఆకువక్క పెట్టారు. రెండు చేతులూ పట్టుకున్నారు.

“పిల్ల బంగారం పెద్దాయనా. కాళ్ళకు మొక్కింది. పెండ్లి కూడా ఈడే పెట్టుకుంటా ఉండాము, మీరు తప్పకుండా రావాల.”