బేరిగై కొలంబైన్ విజయము

ఓ శ్రోతలారా! చేతిలోని సెల్‌ఫోనులను కాసేపు బోర్లించి చెవులొగ్గుడు. పొద్దున తమిళములో బస్సెక్కి, మధ్యాహ్నము కన్నడములో బేరమాడి, సాయంత్రమునకు ఇల్లు చేరి తెలుగులో అలిగెడు జనులు వసించు హొసూరు సీమయందు, పూలు పెంచు పాలీహౌసుల ధవళ పటలములు ఎండకు తళతళలాడు బేరిగై గ్రామమందు, మామిడి పిందెలు పట్టి ఉగాది వాకిటికి వచ్చిన శుభసమయమున ముగిసిన మహాసంగ్రామమును గానము చేయుచున్నాను. రాజ్యము కొరకు కాదు, రత్నరాశుల కొరకు కాదు. వంటింటి మెట్టు మొదలు నీళ్లతొట్టి వరకు సాగిన మూరెడు వెడల్పు మడి కొరకు జరిగిన యుద్ధమిది. నవ్వకుడు. నవ్వెడువారు ముందు ఒక్క మొక్కను బ్రతికించి రండు.

ఆ యుద్ధమునకు నాయకుడు తిమ్మరాజు: రోజావన సార్వభౌముడు, డ్రిప్పుపైపుల దండనాయకుడు, ముండ్ల గాట్లనే పతకములుగా ధరించిన ప్రచండ బాహుదండుడు, పాలీహౌసు లోపలి ఉక్కకు చెమట తుడుచుకొనని ధీరుడు, ఇంట మాత్రము కాఫీలో చక్కెర చాలలేదని చెప్పుటకు జంకువాడు. ఆతని రోజాలు విచ్చుకొనక మునుపే కోయబడి, కోల్డ్ రూములో చల్లబడి, అట్టపెట్టెలలో పండుకొని బెంగళూరు చేరును. అచ్చట ప్రేమికులెవరో కొందురు, వాడిన తరువాత పారవేయుదురు. మన వీరునకు దానితో పని లేదు.

ఆతని తోడల్లుడు ధనశేఖర్, జూజువాడిలో లారీ టైర్ల అంగడి గలవాడు, ఏ సభయందును నోరు మూయుట ఎరుగనివాడు. ఈ మహనీయుడు ఊటీ విహారమునకేగి, కొలంబైన్ అను చలిసీమ పూలమొక్కను కుండీతో సహా తెచ్చి, టైర్ల నడుమ ఎండలో నిలిపి, వారము తిరుగకుండ చంపెను. చంపి ఊరకుండినాడా? బంధువుల గృహప్రవేశపు పంక్తిలో, పాయసము వడ్డించు వేళ, ఒక సిద్ధాంతము ప్రకటించెను.

“ఆ పువ్వు మన సీమలో పుయ్యదన్నా! దానికి ఊటీ చలి కావాల. నీ రోజాల మాదిరి నీళ్లు, మందు పోస్తే వచ్చేస్తుందనుకున్నావా? నీ చేతిలో కాదులే.”

నీ చేతిలో కాదు! పంక్తిలో అప్పడము కొరికినవాడు నమలుట మానెను. తిమ్మరాజు పాయసము కారుచున్న ఎంగిలి చేతిని ఆకాశమునకెత్తి, మేఘములు సిగ్గుపడునట్లు గర్జించెను.

“ఏందప్పా, నా చేతిలో కాదా? రాయి మాదిరి ఉండే ఎర్రమన్నులో రోజాలు పూయించిన చెయ్యప్పా ఇది! అందరూ వినండప్పా! ఆ పువ్వును మా ఇంటి గోడ కాడ పూయించకపోతే నేను తిమ్మరాజునే కాదు. నువ్వే మా ఇంటికొచ్చి, కండ్లారా చూసి, ‘అవును, పూసింది’ అని నీ నోటితోనే చెప్పాల!”

బాగుంది. శపథము చేసినంత సులభముగా మడి దొరకునా? ఇంటి గోడవెంట నీడపట్టున ఉన్న ఆ ఏకైక మడి ఆతని ధర్మపత్ని ఆదిలక్ష్మమ్మ ఏలుబడిలోనిది. అందు కొత్తిమీరయు పుదీనాయు నిష్కంటకముగా వర్ధిల్లుచుండెను. ఆ మహాదేవి కుడిచేత గరిటె ధరించి సంధి షరతులను సెలవిచ్చెను.

“నా కొత్తిమీర పీకి పువ్వులేస్తావా? సరే, వెయ్యి. ఈ ఉగాది కాదు, పై ఉగాది దాకా గడువిస్తా. ఒక్క పువ్వు పూసినా మడి నీదే. పుయ్యలేదా, మళ్లా ఆ పక్క తల తిప్పి చూడకూడదు. చెప్తా ఉండా!”

అటు తోడల్లుని ముందు పరువు, ఇటు మూరెడు మడి. రెండును ఇంకను పుట్టని ఒక్క పువ్వుపై ఆధారపడెను.

విత్తనములు ఆన్‌లైనులో తెప్పింపబడెను. ఆవగింజకన్నను చిన్నవి, నల్లగా నిగనిగలాడునవి. వానికి చలినిద్ర కావలెనని ఫోనులోని పండితుడెవడో బోధింపగా, తడి ఇసుకతో కలిపి డబ్బాలో పెట్టి, ఫ్రిజ్జులో దోసెపిండికిని పెరుగుగిన్నెకును నడుమ శిబిరము వేయించెను. “తినే తావులో మన్నేందయ్యా?” అని మహాదేవి అడిగినప్పుడెల్ల వీరుడు వినబడనట్లు నటించెను. ఈ అస్త్రము లోకములోని భర్తలందరికిని తెలిసినదే. పిమ్మట గింజలకు వెలుతురు తగులవలెనని మట్టి కప్పక పైపైన చల్లి, కొన్నింటిని మడిలోను, కొన్నింటిని అడుగున బొక్కలు పొడిచిన పెయింటు బకెట్లలోను మొలిపించెను.

మొలిచెను! ఆకులు వేసెను. మరల ఆకులు వేసెను. ఏడాది పొడుగునా ఆకులే వేసెను. ఆకులలో దూరిన పురుగు తెల్లని వంకర గీతలతో తన దండయాత్రా మార్గమును లిఖించెను. వానలకు వేర్లు కుళ్లి మడిలోని సగము సేన నేలకొరిగెను. మిగిలిన మొక్కలను ఆదిలక్ష్మమ్మ నడుమున చేతులుంచి పరికించెను.

“కొత్తిమీర పీకి కొత్తిమీరే వేసినావు కదయ్యా! ఆకు చూడు, అచ్చం అట్లే ఉంది. రెండు రెమ్మలు తుంచి రసంలో వేద్దునా?”

“అయ్యో, వద్దే తల్లీ! అది తినేది కాదు, కడుపు చెడుతుంది!”

“వాసనా లేదు, తినేదానికీ లేదు. భలే కొత్తిమీరప్పా!”

ఈ వాగ్బాణము రోజావన సార్వభౌముని గుండెలో నాటుకొనెను. రెండవ చలికాలము రాగానే ఆతడు “ఊటీ చలి కావాలా నీకు? ఇదో, తీసుకో!” అని హుంకరించి, ఒక బకెట్టును రొమ్మునకు హత్తుకొని పోయి, రోజాల కోల్డ్ రూములో పెట్టెల నడుమ ప్రతిష్ఠించెను. బళ్లో చేర్చిన బిడ్డను కిటికీలోనుండి చూచు తండ్రివలె మాటిమాటికి తలుపు తెరచి చూచుచుండెను. చలి తీరిన పిమ్మట ఆ బకెట్టును తెచ్చి వంటింటి నీడన నిలిపెను.

అట్లుండగా ఒక ఉదయమున, ఎవరును ఊహింపని విధమున, మడిలోని మొక్కకే తొలిమొగ్గ తొడిగెను. పెసరగింజంత మొగ్గ! వీరుని కన్నులు చెమర్చెను. ఇందులో వెటకారమేమియు లేదు, నిజముగానే చెమర్చెను. సరిగా అప్పుడే బెంగళూరు వ్యాపారి ఫోను చేసి, రోజాలు చాలలేదని అరవసాగెను. తిమ్మరాజు ఫోనును చెవికి ఆనించి, మొక్క ప్రక్కనే నిలిచి బదులు చెప్పుచుండెను.

ఇచ్చట ఒక సంగతి తెలియవలెను. రోజాలు సాగు చేయువారు కొత్త మొక్కకు వచ్చిన తొలిమొగ్గను ఉండనీయరు. మొక్క బలియవలెనని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి తుంచివేయుదురు. లెక్కలేనన్ని మొగ్గలు తుంచిన ఆ రెండు వ్రేళ్లు యజమానిని అడుగుట ఎన్నడో మానుకొన్నవి. “పంపిస్తానప్పా, రేపు పొద్దున్నే...” అనుచు వీరుడు క్రిందకు చూచునప్పటికి మొగ్గ ఆతని కాలివద్ద పడియుండెను.

హా హతవిధీ! పురుగు చేయలేదు, వాన చేయలేదు, ధనశేఖర్ కూడ చేయలేదు. ఫోనును మట్టిలో జారవిడిచి, కుడిచేతిని కన్నులయెదుట నిలిపి, తిమ్మరాజు విలపించెను: “ఏమే చెయ్యా! ఇంతకాలం అన్నం పెట్టినావు కదే, ఇయ్యాల నా నోట్లో మన్ను కొట్టినావే!”

ఆదిలక్ష్మమ్మ పరుగున వచ్చి, సంగతి తెలిసి, నోటికి కొంగు అడ్డుపెట్టుకొని కడుపుబ్బ నవ్వెను. నవ్వి, మగని ముఖము చూచి ఆపివేసెను. లోనికి పోయి పాతబట్ట పేలిక తెచ్చి, అపరాధులైన రెండు వ్రేళ్లను జోడించి బిగించి కట్టెను.

“ఇంక ఈ పక్కకొస్తే చేతులు వెనక పెట్టుకొని రా. ఆ బకెట్లో ఇంకో మొక్క ఉంది కదా, ఏడవద్దు.”

మొక్క ఓడినచో మడి గెలుచునది ఆమెయే! అయినను కట్టు కట్టినది ఆమెయే. ఆడువారి రాజనీతి ఈ గాయకునకు అంతుచిక్కదు.

ఉగాది వచ్చెను. అభ్యంగన వేళకు ముందే బకెట్టులోని మొక్క పూసెను! ఊదారంగు రేకులు, లోపల తెలుపు, వెనుకవైపునకు సాగిన సన్నని కొమ్ములు. అయితే పువ్వు తల వంచుకొని వ్రేలాడుచుండెను. దాని ముఖము చూచుటకై తిమ్మరాజు నేలమీద వెల్లకిల పండుకొని, బకెట్టు క్రిందికి తల జరిపి, చాలాసేపు అట్లే ఉండెను. “పూసినావా తల్లీ” అని ఎవరును వినకుండ అనెను. పిమ్మట తోడల్లుడు పండుగ భోజనమునకు వచ్చు వేళయైనదని తలంటుకొని, పట్టుపంచె కట్టి, మీసము దువ్వి, విజయయాత్రకు వెడలివచ్చెను.

బకెట్టులో కాడ మాత్రమే నిలిచియుండెను.

“యాడబాయె? నా పువ్వు యాడబాయెనే?” బేరిగై కాకులన్నియు ఒక్కసారిగా లేచెను.

ఆదిలక్ష్మమ్మ ఒబ్బట్లు కాల్చుచు వెనుకకు తిరుగనైన తిరుగలేదు. తిరుగకుండుటచేతనే కనబడెను: ఆమె జడలో ఊదారంగు కొలంబైన్.

“నేనే కోసి పెట్టుకున్నా. ఏం? ఇన్నేండ్లుగా పెట్టెలు పెట్టెలు రోజాలు పంపినావే, పండక్కి ఒక్కటన్నా నా తల్లో పెట్టినావా? అడిగితే ‘అది మార్కెట్టుకే’ అంటావు. ఇది మార్కెట్టుకు కాదు కదా? ఇంటి నిండా పూలు, నేను మాత్రం అంగట్లో మల్లెలు కొనుక్కోవాల. నాకు మాత్రం ఆశ ఉండదా?”

మహావాక్యములు పలుకుటకై వీరుడు నోరు తెరచెను. సిగ్గు మాత్రము వచ్చెను.

“బాగుందే నీకు,” అనెను.

అంతలో వాకిట కారు ఆగెను. ధనశేఖర్ దిగెను. ఆతని భార్యయు ఆదిలక్ష్మమ్మ చెల్లెలును అగు కాళమ్మ దిగి నేరుగా వంటింటికే వచ్చెను.

“అక్కా! ఈ పువ్వు యాడ కొన్నావే? ఎంత బాగుంది!”

“కొన్నదా?” ఆదిలక్ష్మమ్మ తల కొంచెము ఎత్తి పలికెను. “మా ఆయన పూయించినాడు. ఈ ఇంట్లోనే.”

“ప్లాస్టిక్కు కదా?” అని ధనశేఖర్ ఆఖరి అస్త్రమును ప్రయోగించెను.

కాళమ్మ రేకును వ్రేలితో తాకి చూచెను. మెత్తగా, చల్లగా ఉండెను. ఆమె మెల్లగా మగనివైపు తిరిగెను.

“పెండ్లయినప్పటి నుంచి నువ్వు నాకేం పూయించినావు? టైర్లా?”

జూజువాడి ప్రభువు నేలచూపులు చూచుచు, ఎవరికిని వినబడీ వినబడనట్లు “అవునన్నా, పూసింది” అనెను.

జయము! దిగ్విజయము! మూరెడు మడి తిమ్మరాజు వశమయ్యెను, బేరిగై కీర్తి బోరుబావి అవతలివరకు వ్యాపించెను! పువ్వు పొద్దుగూకక మునుపే వాడిపోయెను. ఆదిలక్ష్మమ్మ మాత్రము మరునాటి స్నానము వరకు దానిని తలలోనుండి తీయలేదు.